తొమ్మిది నిమిషాల వెలుతురు

సోమవారం ఉదయం 8:40. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఒక పరిశోధన సంస్థ. నేలమాళిగలో, కిటికీలు లేని ల్యాబ్. బీరువా ఖాళీ.

ఇంకా మార్కెట్లోకి రాని ప్రాసెసర్ చిప్ మాయమైంది. తయారుచేసిన కంపెనీ నమ్మి పరీక్షకిచ్చిన నమూనా అది.

తలుపు ఎవరు తెరిచారో నమోదు చేసే డోర్ లాగ్‌లో వారాంతమంతా ఒకే ఎంట్రీ. శనివారం 14:07. కార్డు మిర్యామ్‌ది.

చిప్‌ల నుంచి రహస్యాలు ఎలా బయటపడతాయో వెతకడం మిర్యామ్ పని. దొంగ అన్న ముద్ర పడితే ఇక ఏ కంపెనీ ఆమెకు చిప్ ఇవ్వదు. ఎనిమిదేళ్ల చాకిరీ గంగపాలే. అది తెలిసీ ఆమె రాయిలా కూర్చుంది.

"శనివారం ఎక్కడున్నారు?" ల్యాబ్ పక్క గదిలో ఇన్‌స్పెక్టర్ కోగ్లర్ అడిగింది.

"ఇంట్లో."

"సాక్షి?"

"పిల్లి."

"కార్డు?"

"సొరుగులో వదిలేస్తాను. అందరికీ తెలుసు."

"మీకు కోపం రావట్లేదా?"

"రావాలి. ఏమీ అనిపించట్లేదండీ."

ల్యాబ్ అధిపతి ప్రొఫెసర్ లెడినెగ్ కాఫీ తాగుతూ నిట్టూర్చాడు. "నేనా గదిలో అడుగుపెట్టి రెండేళ్లయింది. ఈ పిల్ల ఇంత పని చేస్తుందనుకోలేదు."

కోగ్లర్ తెరిచిన తలుపులోంచి ల్యాబ్ చీకట్లో మినుకుమంటున్న యంత్రాన్ని చూసింది. "అదేం చేస్తోంది?"

"పాత చిప్ వాడే కరెంటును కొలుస్తోంది. శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టాను," అంది మిర్యామ్.

"శనివారం ఏమైనా తేడా కనిపించిందా?"

"తేడా కొలతల్ని ప్రోగ్రామే ఏరి పారేస్తుంది. మేం చూడం."

"పారేసినవి చూపించండి."

గ్రాఫ్‌లో ఒక ఎత్తు. 14:07 నుంచి 14:16 దాకా.

"ఇది ల్యాబ్ లైటు," మిర్యామ్ మెల్లగా అంది. "అదీ యంత్రం ఉన్న కరెంటు లైను మీదే ఉంది. కొలత నడిచేటప్పుడు ఇక్కడ పనిచేసేవాళ్లెవరూ లైటు వేయరు. టార్చే గతి."

15:30. కోగ్లర్ ఇద్దరినీ ల్యాబ్‌కు పిలిచింది.

"శుక్రవారం సాయంత్రం పనిమనిషి ఈ స్విచ్ తుడిచింది. తర్వాత దాని మీద పడింది ఒక్క వేలిముద్ర. పొద్దున మీ కాఫీ కప్పు మీద దొరికిందీ అదే, ప్రొఫెసర్ గారూ. రెండేళ్లయిందన్నారే?"

లెడినెగ్ కోటు జేబులోంచి చిప్ ఉన్న చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ చిప్‌లోని రహస్యాలకు కాపలా నేను కనిపెట్టిన పద్ధతే. నువ్వు దాన్ని బద్దలు కొట్టేస్తావు, మిర్యామ్. నాకు తెలుసు."

మిర్యామ్ స్విచ్ వైపు చూసింది. దాని మీద వెలిసిపోయిన ఎర్ర టేపు.

"ఆ టేపు అతికించింది మీరే. నేను చేరిన మొదటి వారంలో. లైటు ముట్టుకుంటే వేళ్లు విరగ్గొడతానన్నారు."

అతను తల దించుకున్నాడు. కానిస్టేబుల్ అతన్ని బయటికి తీసుకెళ్లాడు.

"లైటు వేయనా?" అడిగింది కోగ్లర్.

"వద్దండీ. కొలత ఇంకా నడుస్తోంది."

కోగ్లర్ టార్చి వెలిగించింది. మిర్యామ్‌కు అప్పుడు వచ్చింది కోపం.