రెండో పంపు అరుపు

చీకటి పడ్డాక మా ఊరి మురుగునీటి పంపుహౌసు వైపు మగవాళ్ళెవరూ వెళ్ళరు. డాన్యూబ్ నది ఒడ్డున, పాప్లర్ చెట్ల వెనక ఉంటుంది అది. లోపల రెండు పంపులు. ఒకటి తిరుగుతుంది. రెండోది... తిప్పితే అరుస్తుందట.

అరిచేది పర్వాన్ అంటారు. ఒకప్పుడు అక్కడ ఆపరేటరు. రెండో పంపులో చిక్కుకున్న గుడ్డపేలికలు తీద్దామని చెయ్యి పెట్టాడు. ఆపేసి తాళం వేసిన స్విచ్చి దానంతట అదే పడిందట— పంపు వాణ్ణి భుజం దాకా లాక్కుంది. చూడబోయినవాళ్ళు మెట్ల మీదే వాంతి చేసుకున్నారు. గోడల మీద, పైకప్పు మీద... సరే, వదిలేద్దాం. అప్పట్నుంచి ఆ పంపు ఎప్పుడు వేసినా మనిషి కేకేనట.

మా ఊరి చెవుల సంగతి కూడా చెప్పాలి. బతికున్నన్నాళ్ళూ పర్వాన్ పెళ్ళాం వెలిచ్కాను రెంచితో కొట్టాడు. ఒకసారి పళ్ళు రాలాయి. ఒకసారి కడుపు పోయింది. ఆవిడ అరుపు ఒక్కరికీ వినపడలేదు. వాడు చచ్చి అరిస్తే మాత్రం ఊరంతా విన్నది.

వాడి ఉద్యోగం ఆవిడకే ఇచ్చారు. ఇంకెవడూ రానన్నాడు మరి.

ఇదంతా నాకు చెప్పింది రుమ్యానా. మొన్న వెలిచ్కా పోయిన నలభయ్యో రోజున, భోజనాల దగ్గర, పోయినవాళ్ళ పేరున పంచే తీపి గోధుమల గిన్నె ఒళ్ళో పెట్టుకుని చెప్పింది.

యంత్రాల్లో వణుకు ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టడం రుమ్యానా పని. పర్వాన్ పోయిన కొన్నేళ్ళకి ఓసారి మంచు కరిగి మురుగు పొంగుతుంటే, మొదటి పంపు పునాది బోల్టులు తెంచుకునేలా ఊగిపోతోందని కబురొచ్చింది. అది ఆగిందంటే కింది వాడ ఇళ్ళన్నీ మురుగే. తెల్లారేలోగా రెండోది ఎందుకు అరుస్తోందో చూసి తిప్పమన్నారు.

వ్యాను నడిపిన మిల్కో గేటు దగ్గరే ఆపేశాడు.

“నేను దిగను తల్లీ. పెళ్ళాం ఉన్నవాణ్ణి.”

“దాన్ని కొడతావా?”

“ఛ ఛ, అదేం మాట!”

“మరి నీకేం భయం? దిగి పనిముట్ల పెట్టె పట్టు.”

దిగలేదు. రుమ్యానాయే మోసుకుంది. గేటుకి పర్వాన్ ఫొటోతో సంతాప కాగితం... కొత్తగా అంటించినట్టుంది.

తలుపు తీసిన వెలిచ్కా ఆమె వెనక్కి తొంగి చూసింది.

“ఒక్కదానివేనా?”

“ఒక్కదాన్నే అక్కా.”

“మంచిది.”

ఇనప మెట్లు దిగుతుంటే పళ్ళు టకటకలాడాయి. మొదటి పంపు నేలనంతా కుదిపేస్తోంది. రుమ్యానా పొడవాటి స్క్రూడ్రైవరు మొన రెండో పంపు బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంది.

“ఒక్కసారి వెయ్యక్కా!”

పైన వెలిచ్కా స్విచ్చి వేసింది.

కేక... గొంతు కోస్తున్నప్పటి కేక. చెవిలోంచి దవడలోకి దిగింది.

“ఆపు! ఆపు!”

బేరింగు విప్పేసరికి అరిచిందేమిటో తెలిసిపోయింది. లోపలి ఉక్కు రింగు మీద, సమానమైన ఎడంతో, గుంటలు.

“అక్కా, ఇది తిరగడం వల్ల అరగలేదు. నిలబడి దెబ్బతింది. పక్కది ఊగినప్పుడల్లా నేల గుండా దీనికి తగిలింది. ఇది కదల్లేదు కాబట్టి ప్రతి దెబ్బా ఉన్నచోటే పడింది. దెయ్యమని భయపడి మీరు దీన్ని తిప్పలేదు. తిప్పకపోబట్టే అరుస్తోంది.”

కిందికి వచ్చిన వెలిచ్కా నవ్వింది. పళ్ళు లేని నవ్వు.

“నిలబడి దెబ్బలు తినడం గురించి నాకు చెప్తున్నావా పిల్లా?”

“ఊళ్ళో చెప్తాను, దెయ్యం లేదని.”

“చెప్పకు. వాడి ఫొటో చూసే తాగుబోతులు గేటు నుంచి వెనక్కి పోతున్నారు. బతికుండగా చెయ్యని కాపలా, చచ్చాక చేస్తున్నాడు.”

కొత్త బేరింగు ఎక్కించారు. ఇరుసు చేత్తో తిప్పితే కదల్లేదు. లోపల చక్రానికి పేలికలు చుట్టుకున్నాయి. వాల్వులు మూసి, పక్కనున్న మూత విప్పింది రుమ్యానా. వెలిచ్కా పైకి వెళ్ళింది. ఖణేల్‌మని చప్పుడు.

“తాళం వేశాను!”

రుమ్యానా చెయ్యి పెట్టింది. మోచేతి దాకా... భుజం దాకా. జిడ్డుగా, తడి జుట్టులా పేలికలు. వాటి మధ్య ఏదో గట్టిగా తగిలింది. గుండ్రంగా, నాలుగు చిల్లులతో.

చొక్కా గుండీ.

అప్పుడు ఒళ్ళు చల్లబడింది. దెయ్యానికి కాదు. తాళం వేసిన స్విచ్చి దానంతట అది పడదు. ఎక్కడా పడదు. ఎవరో తాళం తియ్యాలి. ఎవరో స్విచ్చి వెయ్యాలి.

పైన స్విచ్చి దగ్గర ఒక్క మనిషే ఉంది.

చెయ్యి లాక్కోబోయింది. రాలేదు... ముంజేతికి పేలికలు బిగుసుకున్నాయి. మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒకటి, ఇంకొకటి. తర్వాత మెడ వెనక వెచ్చటి ఊపిరి.

“తెలిసిపోయింది కదూ,” అంది గుసగుసగా.



బయటున్న చేతిని వెలిచ్కా విప్పింది. అరచేతిలో చల్లగా ఏదో పెట్టి, వేళ్ళు మూసింది. తాళంచెవి.

“చెయ్యి లోపల పెట్టినవాళ్ళ దగ్గరే ఇది ఉండాలి, పిల్లా. ఆ రోజు వాడు నాకిచ్చి పైన స్విచ్చి దగ్గర నిలబెట్టాడు. పొద్దున నా మణికట్టు విరిచి, మధ్యాహ్నం ఆ చేతికే ఇచ్చాడు. ఇదేం చెయ్యగలదులే అనుకున్నాడు.”

పక్క పంపు నేలని బాదుతూనే ఉంది.

“పోలీసులకి చెప్తావా?”

రుమ్యానా తాళంచెవి జేబులో వేసుకుంది.

“నన్ను పిలిచింది పంపు ఎందుకు అరుస్తోందో చూడమని. బేరింగు పోయింది. మార్చాను.”

మళ్ళీ భుజం దాకా లోపలికి వంగి, పేలికలు లాగడం మొదలుపెట్టింది. వెలిచ్కా పక్కనే కూర్చుని దీపం పట్టుకుంది.

తెల్లారేసరికి రెండో పంపు తిరుగుతోంది. చప్పుడే లేదు.