ఆవలింతల రాయుడు

కథ మంచి పట్టులో ఉంది. కోట తలుపు కిర్రుమంది, దీపం ఆరిపోయింది, కథానాయిక మెడ వెనక ఎవరిదో ఊపిరి తగిలింది. సరిగ్గా అక్కడ, అద్దానికి ఇవతల కూర్చున్న అబ్బాయి నోరు బార్లా తెరిచి ఆవలించాడు.

ఆవలింతల్లో మర్యాదస్తులవి ఉంటాయి, చెయ్యి అడ్డం పెట్టుకుని కానిచ్చేవి. ఇది ఆ జాతిది కాదు. రెండు చేతులూ మీటల మీద ఉండిపోవడంతో అడ్డం పెట్టుకునే వీలు లేక, కొండనాలుక దాకా దర్శనమిచ్చింది. అవతల మైకు ముందున్న అమ్మాయి అది చూసింది. దయ్యాల కోటలో తొణకని గొంతు అక్కడ తడబడింది.

పుస్తకాలు చదివించి ఆడియోగా రికార్డు చేసే చిన్న స్టూడియో అది. లోపలి గదికి గోడల నిండా స్పాంజి, ఒక మైకు, కిర్రుమనని కుర్చీ. బయటి గదిలో కంప్యూటరు, మీటల బల్ల, సౌండ్ చూసుకునే ఈ అబ్బాయి. మధ్యలో మందపాటి అద్దం. అబ్బాయి ఏదైనా చెప్పాలంటే బల్ల మీద టాక్‌బ్యాక్ బటన్ నొక్కాలి, అప్పుడే ఆమె హెడ్‌ఫోన్స్‌లో వినపడుతుంది. ఆమె మాత్రం ఏం గొణిగినా మైకు పుణ్యమా అని నేరుగా అతని చెవిలో పడుతుంది. ఈ సంగతి కొత్తగా వచ్చిన ఆమెకు ఇంకా ఒంటబట్టలేదు.

"ఆవలింతల రాయుడు" అని గొణుక్కుంది.

బటన్ నొక్కాడు. "ఆ మాట కూడా రికార్డయిందండీ. తీసేయమంటారా, ఉంచమంటారా?"

ఒక్క క్షణం ఆమె ముఖం ఎర్రబడింది గానీ, తగ్గే రకం కాదు. "ఉంచండి. ముందు ముందు పనికొస్తుంది" అంది.

ఆమె కోపానికి కారణం లేకపోలేదు. అది ఆమె చదువుతున్న మొదటి పుస్తకం. మొదటి కొన్ని అధ్యాయాలు విన్నాక నచ్చితేనే పుస్తకమంతా ఇస్తానని స్టూడియో మేడమ్ ముందే చెప్పింది. దానికి తోడు ఆమె తండ్రి రైల్వే స్టేషన్లో అనౌన్సర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. గంటలకొద్దీ ఆలస్యమైన రైలు గురించి కూడా జనం చెవులు రిక్కించి వినేలా చెప్పినవాడు. వినేవాడు ఆవలిస్తే తప్పు చెప్పేవాడిది అనేది ఆయన సిద్ధాంతం. ఆ ఇంట్లో పిల్లలు ఎక్కాలకంటే ముందు నేర్చుకున్నది అదే.

ఇక అబ్బాయి సంగతి. పాపం, అతనికి విసుగూ లేదు, నిద్రా లేదు. ఆ గొంతు వింటుంటే అతని చెవులకు పండగలా ఉంది. ఆవలింత మాత్రం పొద్దున వేసుకున్న మాత్రది.

ఆ మధ్య అతనికి కొంతకాలం ఏమీ బాగాలేదు. ఫలానా కష్టమని చెప్పడానికి ఏదీ లేదు, కానీ మంచం మీంచి లేవడమే కొండెక్కినంత పనయ్యేది. రికార్డింగులో ఈగ రెక్క కొట్టుకున్నా పట్టేసే చెవులకు ఏ శబ్దమూ రుచించకుండా పోయింది. నాకేం, బాగానే ఉన్నాను అని తమ్ముడు ఎంత నటించినా అక్క దగ్గర సాగలేదు. ఆవిడ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం, పైగా పళ్ళ డాక్టరు. చెయ్యి పట్టుకుని మనోవ్యాధుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. అది డిప్రెషన్ అని, మందుతో తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. మొదట్లో నోరెండిపోవచ్చు, కాస్త వికారం, చెమటలు, చేతుల్లో సన్నని వణుకు, వింత కలలు రావచ్చు, కొందరికి ఊరికే ఆవలింతలు కూడా వస్తాయి అంది. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటాయి, ఇబ్బందిగా ఉంటే తనకు చెప్పాలి, సొంతంగా మాత్రం ఆపకూడదు అని మరీ మరీ చెప్పింది.

పిలవని పేరంటానికి వచ్చినట్టు అన్నీ వచ్చాయి. ఒక కలలో అయితే అక్క చేపలన్నిటినీ వరసలో నిలబెట్టి పళ్ళు తోమించింది. అయినా అతను బాధపడలేదు, ఎందుకంటే మందు పనిచేయడం మొదలుపెట్టింది. ఒకరోజు పొద్దున పాల గిన్నె మూత చప్పుడు చెవికి బాగుందనిపించింది. ఆ వారమే ఈ అమ్మాయి స్టూడియోలో అడుగుపెట్టింది.

మూడో అధ్యాయం నడుస్తుండగా వాన మొదలైంది. వాన చప్పుడు మైకులోకి దూరుతుంది కాబట్టి పని ఆపక తప్పదు. రికార్డింగప్పుడు ఏసీ మోత పడకూడదని దాన్నీ కట్టేస్తారు గనుక ఆమె చెమటతో తడిసి బయటికొచ్చింది. అతను ఆకుపచ్చ యాపిల్ ముక్కలున్న డబ్బా ఆమె ముందుకు జరిపాడు. నోరెండితే మాటకు ముందు చిన్న టిక్కు శబ్దం వస్తుందని, పుల్లటి యాపిల్ కొరికితే పోతుందని చెప్పాడు. అతను వాటిని తన ఎండిన నోటి కోసమే తెచ్చుకున్నాడని ఆమెకు తెలియదు.

"మీ చెయ్యి వణుకుతోంది" అంది, ముక్క అందుకుంటూ.

"యాపిల్ బరువండీ" అన్నాడు.

ఆమె నవ్వేసింది. వాన కూడా మొహమాటం లేకుండా దంచికొట్టింది. కిటికీ పక్కన నిలబడి ఆమె చిన్నప్పటి సంగతి చెప్పడం మొదలుపెట్టింది. తండ్రి స్టేషన్లో మాట్లాడుతుంటే ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియక ప్లాట్‌ఫారమంతా వెతికేదట. ఎవరికీ చెప్పని సంగతి కొత్త మనిషికి చెప్పేస్తున్నానే అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. కళ్ళెత్తి చూసింది. అతను పెదవులు బిగించి, ముక్కుపుటాలు ఎగరేసి, దవడలు బిగబట్టి యుద్ధం చేస్తున్నాడు. చివరికి ఓడిపోయాడు. అంత పెద్ద ఆవలింత ఆ స్టూడియో ఎరగదు.

ఆమె యాపిల్ ముక్క డబ్బాలో పెట్టేసింది. గొంతులో కోపం కూడా లేదు, అదే అతనికి ఎక్కువగా గుచ్చుకుంది.

"మీ తప్పేం లేదండీ. రేపు ఇంకో అధ్యాయం చదువుతాను. అది విన్నా మీకు నిద్రే వస్తే, వేరే గొంతు చూసుకోమని మేడమ్‌కి నేనే చెప్పేస్తాను."

మాత్ర సంగతి చెప్పేయడానికి ఒక్క నిమిషం చాలు. కానీ భయం అడ్డొచ్చింది. మందు వేసుకునేవాడని తెలిస్తే ఇలా నవ్వుతుందా, జాలిగా చూస్తుందా? ఆ జాలి చూపు ఊహించుకునేసరికే ఒళ్ళు ముడుచుకుపోయింది. ఆ రాత్రి అన్నం దగ్గర అక్క అడిగినదానికల్లా ఊరికే తలూపాడు. పొద్దున్నే మాత్ర తీసి చేతిలో పెట్టుకుని, మళ్ళీ డబ్బాలోనే వేసేశాడు. అదృష్టమో దురదృష్టమో, మేడమ్‌కి పని పడి ఆ రికార్డింగు వారం చివరికి వాయిదా పడింది. ఈలోపు అతను మాత్ర ముట్టనేలేదు.

రికార్డింగు నాటికి ఆవలింతలు మాయమయ్యాయి. వాటి బదులు వచ్చినవి చూస్తే ఆవలింతలే నయం. తల తిప్పితే నేల వాలినట్టుంది. కళ్ళు పక్కకు కదిలిస్తే తలలో ఎక్కడో సన్నగా కరెంటు కొట్టినట్టుంది. ఫ్యాను స్విచ్చి మొదటిసారికి పడలేదని కన్నీళ్ళొచ్చాయి. అయినా పళ్ళ బిగువున కూర్చున్నాడు.

అమ్మాయి ఆ రోజు అదరగొట్టింది. కథానాయిక కోటలోంచి బయటపడి, తెల్లవారే వేళ తమ్ముణ్ణి పేరుపెట్టి పిలిచే ఘట్టం అది. ఆ పిలుపుకి అతని గుండె నిజంగానే తరుక్కుపోయింది. ఆమె ప్రతి పేజీకీ అద్దంలోంచి చూసింది. ఒక్క ఆవలింత లేదు. చివరి వాక్యం పూర్తిచేసి, పరీక్ష బాగా రాసొచ్చిన పిల్లలా నవ్వింది.

అతను కంప్యూటరు వైపు చూశాడు. తెర మీద గొంతు గీతలు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. తల తిరుగుడులో రికార్డు బటన్ నొక్కడమే మర్చిపోయాడు.

సౌండ్ పనిలో ఇంతకు మించిన పాపం లేదు. ఎలా చెప్పాలో తెలియక టాక్‌బ్యాక్ బటన్ ఎంత గట్టిగా నొక్కాడంటే, అది దిగి అలాగే ఇరుక్కుపోయింది. అంతలో ఫోన్ మోగింది. అక్క. మాత్రల పట్టీ ఎక్కడిదక్కడే ఉండటం చూసి మండిపడుతోంది.

ఎవరి మీదా చూపలేని ఉక్రోషమంతా అక్క దగ్గర బయటపడింది.

"వేసుకుంటే ఆవలింతలు, మానేస్తే కళ్ళు తిరుగుతున్నాయి, నన్నేం చేయమంటావక్కా? తన గొంతు విని ఆవలిస్తున్నాననుకుంటోంది. పుస్తకం వదిలేసి పోతానంటోంది. పొద్దున్నే లేవాలని మళ్ళీ నాకు అనిపిస్తున్నదే ఆ గొంతు కోసం. ఇవాళ ఎంత బాగా చదివిందో తెలుసా, నేను రికార్డు కూడా నొక్కలేదు."

అక్క ఏదో అంటోంది. అంతకంటే ముందు బల్ల మీది స్పీకర్లో ఇంకో గొంతు వినపడింది, మెల్లగా, చాలా మెల్లగా.

"టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉందండీ."

అతను తలెత్తలేదు. ఎత్తితే కరెంటు కొడుతుందని కాదు. లోపలి తలుపు తెరుచుకుంది, ఆమె వచ్చి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. అతను భయపడిన జాలి ఆ ముఖంలో ఎక్కడా లేదు. ఉన్నదల్లా కోపమే, అదీ మంచి రకం కోపం.

"అంటే నా కోసం మందు మానేశారా? నేనడిగానా?" అంది. అతను లేదన్నట్టు తలూపాడు. "అయితే డాక్టరుకి ఫోన్ చేయండి, ఇప్పుడే. మళ్ళీ ఆరోగ్యం చెడితే ఆ పాపం నా మెడకెందుకు చుట్టుకోవాలి?"

డాక్టరమ్మ ఆ సాయంత్రమే రమ్మంది. ఉన్నపళంగా ఆపేస్తే ఇలాగే ఉంటుందని చెప్పి, అంతా విని, మందు మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో చెప్పింది. పొద్దున బదులు రాత్రి పడుకునేముందు వేసుకుని చూడమంది. ఆవలింతల గురించి మొదటి రోజే తనకు చెప్పి ఉంటే ఇంత కథ జరిగేది కాదు కదా అని నవ్వింది. బయట బెంచీ మీద ఆమె ఎదురుచూస్తోంది. అతని మందు డబ్బాలోని, ఏమేం ఇబ్బందులు రావచ్చో రాసి ఉన్న కాగితం మడతలు విప్పి ఒళ్ళో పరుచుకుని, శ్రద్ధగా చదువుతోంది.

"ఒక అనుమానం" అంది, కాగితంలోంచి తలెత్తకుండా. "నేనంటే మీకు ఈ ఇష్టం కూడా ఆ మందు వల్ల వచ్చిందేమో?"

"ఆ కాగితం రెండు వైపులా చూశానండీ. మీ పేరు ఎక్కడా లేదు."

ఆమె కాగితం మడిచింది. దాని మడతలు దానికే తప్ప ఎవరికీ తెలియవు కాబట్టి సరిగ్గా కుదరలేదు. మళ్ళీ విప్పి మడిచింది. అలా మడుస్తూనే, ఇకమీదట తనని 'మీరు' అనడం మానేయమంది.

అధ్యాయం మళ్ళీ చదివింది. ఈసారి తమ్ముణ్ణి పిలిచే చోట అతను ఆవలించాడు, అద్దంలోంచి అది చూసి ఆమె ఆవలించింది, కథానాయిక పిలుపు మధ్యలో ఆవిరైపోయింది. ఇద్దరూ నవ్వి నవ్వి ఇంకోసారి చేశారు. మేడమ్ విని, పుస్తకమంతా ఈ అమ్మాయే చదవాలి అంది.

వారాలు గడిచేకొద్దీ చేతుల వణుకు పోయింది, కలల్లో చేపలు పోయాయి, ఆవలింతలు కూడా బాగా తగ్గాయి. పుస్తకం పూర్తయ్యేసరికి పెద్దవాళ్ళతో పెళ్ళి మాట మాట్లాడే వేళ వచ్చింది. అక్కని వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. మాత్ర సంగతి ఆమె ఇంట్లో ముందే చెప్పింది, దాచిపెట్టి మొదలుపెట్టే సంసారం తనకొద్దని. తండ్రి నిటారుగా కూర్చుని, స్టేషన్లో ప్రకటన చేసినంత స్పష్టంగా అడిగాడు.

"ఆ మందు ఎన్నాళ్ళు వేసుకోవాలి బాబూ?"

"డాక్టరుగారు చెప్పినన్నాళ్ళండీ. ఆవిడే మెల్లగా తగ్గిస్తారు. మళ్ళీ ఎప్పుడైనా అవసరమైతే మళ్ళీ వేసుకుంటాను. ఈసారి మీ అమ్మాయికి చెప్పి."

పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తన ఉద్యోగం కథలు ఎత్తుకున్నాడు. పొగమంచులో చిక్కుకున్న రైలు, ప్లాట్‌ఫారం మీద వేలమంది, చేతిలో ఒక్క మైకు. ఇది పరీక్ష అని అబ్బాయికి తెలుసు. కళ్ళార్పకుండా విన్నాడు, నిజంగానే బాగుంది కూడా. రైలు దీపం దూరంగా మినుకుమన్న చోట, ఎన్నాళ్ళగానో పత్తా లేని ఆవలింత తీరిగ్గా వచ్చేసింది.

అమ్మాయి పైట చెంగు నలిపేస్తోంది. తండ్రి కథ ఆపి అబ్బాయి వైపు అలాగే చూశాడు. చూస్తుండగానే ఆయన ముక్కుపుటాలు ఎగిరాయి, దవడ బిగుసుకుంది, చెయ్యి అడ్డం వెళ్ళేలోపే ఆయన కూడా బార్లా ఆవలించాడు. వెంటనే ఆయన భార్య, ఆ వెనకే అమ్మాయి. అక్క కూడా కానిచ్చేసి, వృత్తిధర్మం మరవకుండా అంది.

"బాబాయిగారూ, కింది దవడలో చివరి పన్ను ఒకసారి చూపించుకోండి."

"ఆవలింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడని ఊరికే అన్నారా" అని తల్లి పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

పెద్దాయన నవ్వలేదు. లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, పాత అలవాటుగా ఎడమ చెవికి అరచెయ్యి ఆనించి మొదలుపెట్టాడు.

"దయచేసి వినండి. వినేవాడు ఆవలిస్తే తప్పు చెప్పేవాడిదని ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా చేస్తూ వచ్చిన ప్రకటన రద్దు చేయడమైనది. మా అల్లుడుగారికి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

అమ్మాయికి కళ్ళు నిండాయి. తుడుచుకుంటూనే అంది.

"ఇంకోసారి చెప్పండి నాన్నా. ఈయన రికార్డు నొక్కాడో లేదో."

అబ్బాయి చేతిలోని ఫోన్ పైకెత్తి చూపించాడు. తెర మీద గొంతు గీతలు కదులుతున్నాయి.

"ఈసారి నొక్కాను" అన్నాడు.