నాలుగో పలక మీద బలం

జహీరాబాద్ నుంచి చిరాగ్‌పల్లి పోయే దారిలో అప్పట్లో ఒక చెరకు పాకం కార్ఖానా ఉండేది. ఎనభై మూడులో, ఎండలు ముదిరే రోజులు. అన్నాల గంట కొట్టాక షెడ్డులో ఈగలు, పులిసిన పాకం వాసన తప్ప ఏమీ మిగల్లేదు. ఇంజనీరు రామచందర్ ఒక్కడే పాకం కలిపే ట్యాంకు పక్కన కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. లెక్కల్లో మహా ఘటికుడు. నిజం చెప్పాల్సి వస్తేనే నాలుక మడతపడేది.

ట్యాంకు లోపల గోడ పొడుగునా నాలుగు నిలువు ఇనుప పలకలుంటాయి. తెడ్డు తిరిగేటప్పుడు పాకమంతా ఒకటే సుడి అయిపోకుండా అవి అడ్డుపడతాయి. ఈ నెలలో నాలుగో పలక మూడుసార్లు ఊడింది. దాని మీద ఎంత బలం పడుతోందో తేల్చమన్నారు పైవాళ్లు. కాగితం మీద ఒక్కో పలకకు పద్దెనిమిది కిలోలు తేలింది. సరిచూద్దామని పలకల్ని మడతబందుల మీద నిలబెట్టి, స్ప్రింగు త్రాసులు కట్టి, మోటారు వేశాడు.

మూడు త్రాసులూ పద్దెనిమిదే చూపాయి. నాలుగో దాని తాడు వదులుగా వేలాడుతోంది. పాకం కుడికి పరుగెడుతుంటే ఆ పలక ఎడమకు ఒరిగింది. త్రాసును అటువైపు మార్చి కట్టాడు. ముల్లు అరవై ఐదు దాకా పోయి గిలగిలా కొట్టుకుంది.

రామచందర్ ముల్లు వంక మళ్లీ వంగి చూశాడు. అరవై ఐదు కిలోలు... మనిషి బరువు.

రెండు నెలల కింద ఆ పలకను అతుకుతూనే వెల్డర్ వీరప్ప తెడ్డు కింద నలిగి చచ్చాడు. ట్యాంకులో దిగేవాడు తన తువ్వాల స్విచ్చుకు కట్టి దిగాలి, అది ఉన్నంతసేపు మోటారు వేయరాదు. అక్కడి కట్టుబాటు అది. ఆ రోజు రామచందర్ ఆ తువ్వాలను మసిగుడ్డ అనుకుని విప్పి, గ్రీజు చేతులు తుడుచుకుని, పక్కన పారేసి మోటారు వేశాడు. విచారణలో మాత్రం తువ్వాలే లేదన్నాడు. తప్పు చచ్చినవాడి మీద పడింది.

వెనక అడుగుల చప్పుడైంది. వీరప్ప అన్న ఈరయ్య. అతనూ వెల్డరే.

"సారూ, ఒక్క మాట. ఆనాడు తువ్వాల ఉండెనా, లేకుండెనా?"

"లేకుండె. ఎన్నిసార్లు చెప్పాలె?"

త్రాసు విరిగింది. పలక తాడుకున్న కొక్కెం ఎగిరొచ్చి రామచందర్ ముంజేతిలో దిగి లోపలికి లాగింది. చెయ్యి ట్యాంకులోకి... భుజం దాకా... పలక వచ్చి దాన్ని గోడకు నొక్కేసింది. ఎముక పటుక్కుమంది. మళ్లీ. మళ్లీ. పాకం ఎర్రబడింది.

ఈరయ్య ఉరికి స్విచ్చు దించాడు. మోటారు ఆగింది. తెడ్డు ఆగింది. పాకం ఆగలేదు... ఎడమకు తిరుగుతోంది, ఇంకా వేగంగా. రామచందర్ గడ్డం పాకంలో మునిగింది.

"ఉండె..." గొణిగాడు. "తువ్వాల ఉండె... నేనే తీసిన..."

పలక వదిలేసింది.

సాయంత్రం దవాఖానలో, చేతికి బద్దలు కట్టించుకుని పడుకున్న రామచందర్ దగ్గరికి ఈరయ్య పోలీసు జమేదారును తోలుకొచ్చాడు.

"సారూ, కార్ఖానల అన్న మాటే జర ఈయన ముందల అనున్రి. మా తమ్ముని మీదున్న తప్పు పోతది."

ప్రాణం కుదుటపడేసరికి పాత బుద్ధి తిరిగొచ్చింది. రామచందర్ కళ్లు తిప్పుకున్నాడు.

"నొప్పికి ఏందో అన్న. తువ్వాల లేకుండె."

అప్పుడే డాక్టరమ్మ భాగీరథి ఎక్స్‌రే ఫిల్ము పట్టుకొచ్చింది. కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది, దించింది, మళ్లీ ఎత్తింది.

"మూడు చోట్ల విరిగింది. మూడు చోట్లా ఇనుముతోని అతికి ఉంది," అంది మెల్లగా. "ఎవరు అతికిన్రు? నేనింకా కొయ్యనే లేదు."

రామచందర్ రెండో చేత్తో మంచం పట్టె పట్టుకుని లేవబోయాడు. కట్టిన గుడ్డలోంచి పొగ లేస్తోంది. దాని కింద వెల్డింగు మెరుపులాంటి నీలం వెలుగు ఒకటి చిటపటలాడుతూ, మోచేతి నుంచి భుజం వైపు మెల్లగా జరుగుతోంది...