రెండు పూటలా నీళ్లు

జూన్ పదకొండు, గురువారం, ఉదయం ఆరూ నలభైకి హాస్పిటల్ ఔట్ పేషెంట్ గేటు పక్కన పూలమడిలో అరవై బిళ్ళగన్నేరు మొక్కల్లో పంతొమ్మిది చచ్చిపోయి ఉన్నాయి. లెక్కపెట్టింది గార్డెన్ క్లబ్ సెక్రటరీ. నమ్మకం కుదరక రెండోసారి కూడా లెక్కపెట్టింది. ఆ తర్వాత లిఫ్టు మెకానిక్‌కి ఫోన్ చేసింది.

"మీ మొక్కలు చచ్చిపోయాయి. రండి."

"ఎన్ని?"

"పంతొమ్మిది."

"నావి అంటారేంటండీ? మడి మనిద్దరిదీ కదా."

"బతికున్నవి మనిద్దరివీ. చచ్చినవి మీవి."

లిఫ్టు మెకానిక్ గార్డెన్ క్లబ్‌లో చేరి అప్పటికి అయిదు నెలలు. చేరాలని చేరలేదు.

క్లబ్‌లో సభ్యులు ఇరవై ఇద్దరు. ఏటా జనవరిలో కమ్యూనిటీ హాలు రెండో అంతస్తులో కూర్చుని ఆ ఏడాది కార్యక్రమాలు చార్టు మీద రాస్తారు. ఫిబ్రవరిలో విత్తనాల మార్పిడి, ఏప్రిల్‌లో మొక్కల అమ్మకం, సెప్టెంబర్‌లో సభ్యుల తోటలు చూడటం, నవంబర్‌లో స్కూలుకు కుండీలు. ఇవి కాక ఊరికి పనికొచ్చే కొత్త పని ఒకటి. నియమం ఒక్కటే: ఎవరు నోరు తెరిచి చెప్తే వాళ్లే చెయ్యాలి. అందువల్ల మూడేళ్లుగా కొత్త పని గురించి ఎవరూ నోరు తెరవలేదు. పాత పనులన్నీ సెక్రటరీ మీద పడ్డాయి. ఆమెకు రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం, ఉదయం ఏడు నుంచి మూడు దాకా. మూడు తర్వాత క్లబ్. నాలుగేళ్లుగా ఇదే. రాజీనామా ఉత్తరం డిసెంబర్‌లోనే రాసుకుంది. ఇవ్వడానికి తీరిక దొరకలేదు.

ఆ జనవరి మీటింగ్‌లో "కొత్త పని?" అని ప్రెసిడెంట్ అడిగారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. అందరూ ఫ్యాను వైపు చూశారు. లిఫ్టు సర్వీసు చేసిన మెకానిక్ చీటీ మీద సంతకం కోసం గుమ్మంలో పావుగంటగా నిలబడి ఉన్నాడు.

"హాస్పిటల్ గేటు పక్కన చెత్త పోస్తున్నారు కదండీ, అక్కడ నాలుగు మొక్కలు వెయ్యండి. ఈ సంతకం పెడితే నేను వెళ్తాను" అన్నాడు.

ప్రెసిడెంట్ చార్టు మీద రాశారు. "పేరు చెప్పు బాబూ."

"నేను మెంబర్ని కాదండీ. లిఫ్టు కోసం వచ్చాను."

"ఇప్పుడయ్యావు. సెక్రటరీ తోడుంటుంది."

అప్పుడు సెక్రటరీ తల ఎత్తి చూసింది, నవ్వింది. ఆ నవ్వు లేకపోతే తను మెట్ల మీదుగా పారిపోయి ఉండేవాణ్ణని మెకానిక్ తర్వాత చెప్పాడు.

హాస్పిటల్ సూపరింటెండెంట్ ఒక షరతు మీద ఒప్పుకున్నారు. జూలై ఒకటిన వచ్చి చూస్తారు. మడి నిండుగా ఉంటే ఉంటుంది. లేకపోతే అక్కడ సిమెంటు పోసి బైకుల స్టాండ్ కడతారు.

గురువారం ఉదయం ఏడుకు మెకానిక్ వచ్చాడు. ఆమె వాచీ చూసుకుంది. డ్యూటీకి అప్పటికే ఆలస్యం.

"సోమ, బుధ, శుక్ర మీరు నీళ్లు పొయ్యాలి. మంగళ, గురు, శని నేను. పోశారా లేదా, ఒక్క ముక్క చెప్పండి."

"పోశాను. రోజూ పోశాను."

"రోజూ ఏంటి? మీవి మూడు రోజులేగా!"

అతను చెప్పు కొనతో మట్టి కెలికాడు. "మీ రోజులు కూడా పోశాను. సాయంత్రం ఏడుకి."

సరిగ్గా అప్పుడే ప్రెసిడెంట్ వాకింగ్ నుంచి వస్తూ ఆగారు. చచ్చిన మొక్క ఒకటి పీకి, వేరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"కుళ్లింది. ఇవి ఎండి చావలేదమ్మాయ్, మునిగి చచ్చాయి. నువ్వు ఎప్పుడు పోస్తున్నావు?"

"ఆరుంబావుకి, డ్యూటీకి వెళ్లే ముందు."

"ఏ రోజుల్లో?"

"...రోజూ."

"ఎందుకు రోజూ?"

ఆమె మెకానిక్ వైపు చూడకుండా చెప్పింది. "లిఫ్టులో ఎవరు ఇరుక్కున్నా పరిగెత్తే మనిషి. తిండికే టైముండదు, మడి ఎక్కడ గుర్తుంటుందిలే అనుకున్నాను."

"నువ్వేమయ్యా?"

"ఏప్రిల్‌లో మొక్కల అమ్మకం రోజు ఈవిడ టేబుల్ మీద తల పెట్టి నిద్రపోయారండీ. చేతిలో స్టాప్లర్ అలాగే ఉంది. ఒక పనైనా తగ్గిద్దామని..."

ప్రెసిడెంట్ మొక్కను పక్కన పడేశారు. "బాగుంది. మీరిద్దరూ ఒకరి మీద ఒకరు జాలిపడి మధ్యలో వీటిని ముంచారు. బిళ్ళగన్నేరుకి ఎండ చాలు, నీళ్లు అంతంతే. పదిరోజులు చుక్క పొయ్యొద్దు. ఇద్దరికీ చెప్తున్నా."

పదిరోజులు ఏమీ చెయ్యకపోవడం ఇద్దరికీ చేతకాలేదు. శుక్రవారం సాయంత్రం ఆరుకు మెకానిక్ మడి దగ్గరికి వెళ్లేసరికి సెక్రటరీ బెంచీ మీద కూర్చుని ఉంది.

"మీరేంటి ఇక్కడ?"

"మీరు నీళ్లు పోస్తారేమోనని. మీరేంటి?"

"మీరు పోస్తారేమోనని."

అతను బెంచీ రెండో చివర కూర్చున్నాడు. మధ్యలో ఆమె బ్యాగు. ఏడు దాకా ఇద్దరూ మడిని చూశారు. శనివారం కూడా అంతే. ఆ రోజు ఆమె కూర్చున్న చోటే కునుకు తీసింది. బ్యాగు జారితే అతను పట్టుకున్నాడు, ఇరవై అయిదు నిమిషాలు పట్టుకునే ఉన్నాడు. ఈలోగా రెండు ఫోన్లు వచ్చాయి. రెండో ఫోన్‌లో గొంతు తగ్గించి, "నాలుగో అంతస్తులో ఆగిందా? లోపల ఎవరూ లేరుగా? అయితే కాసేపు మెట్లెక్కండి సార్" అన్నాడు.

ఆదివారం కూడా ఇద్దరూ వచ్చారు.

సోమవారం సాయంత్రం నాలుగూ పదికి వాన మొదలైంది. సీజన్‌లో మొదటి వాన. మిగిలిన నలభై ఒక్క మొక్కల వేళ్లు ఇంకో తడిని తట్టుకోలేవని ఇద్దరికీ తెలుసు. ఆమె ఇంటికి వెళ్లే బస్సు దిగి వెనక్కి పరిగెత్తింది. అతను కొత్త లిఫ్టుకు చుట్టి వచ్చిన ప్లాస్టిక్ షీటును ఊడదీసి పట్టుకొచ్చాడు. కట్టడానికి కర్రలు లేవు. ఆ చివర రెండు మూలలు ఆమె, ఈ చివర రెండు మూలలు అతను పట్టుకున్నారు. మొక్కలు షీటు కింద ఉన్నాయి. వాళ్లిద్దరూ వానలో ఉన్నారు.

వరండాలోంచి ఒక పెద్దావిడ అడిగింది. "ఏం చేస్తున్నారమ్మా?"

"మొక్కలు తడవకుండా చూస్తున్నామండీ."

ఆవిడ లోపలికి వెళ్లి చెప్పింది. అయిదు నిమిషాల్లో వరండాలో పదకొండు మంది నిలబడ్డారు.

"మీకొక మాట చెప్పాలి" అన్నాడు మెకానిక్.

"ఇప్పుడా?"

"ఇప్పుడైతేనే మీరు వెళ్లిపోలేరు. వదిలితే నీళ్లన్నీ మొక్కల మీద పడతాయి."

"చెప్పండి. చేతులు లాగుతున్నాయి."

"నేను రోజూ వచ్చేది కాపలాకి కాదు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"నిన్న ఆదివారం. కొళాయి గదికి తాళం. పొయ్యాలన్నా నీళ్లు లేవు. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఇద్దరం వచ్చి గంట కూర్చున్నాం."

అతను నవ్వాడు. షీటు అతని వైపు వంగింది. "పైకెత్తండి!" అని ఆమె అరిచింది. ఎత్తాడు.

"నేనూ ఒకటి చెప్తాను, వినండి" అంది ఆమె. "నేను బాగా అలిసిపోయి ఉన్నాను. ఇవాళ కాదు, చాలా రోజులుగా. సరదాగా కబుర్లు చెప్పే ఓపిక కూడా నాకు లేదు."

"కబుర్లు నేను చెప్తాను. మీరు ఊ కొట్టండి."

"ఊ కొట్టే ఓపిక కూడా లేకపోతే?"

"అదీ నేనే కొట్టుకుంటాను."

"అలా ఎన్నాళ్లు?"

"మీరు వద్దనేదాకా."

ఆమె జుట్టులోంచి నీళ్లు కళ్లలోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"వద్దనను" అంది.

"గట్టిగా చెప్పమ్మా, వానకి వినపడలేదు!" అని వరండాలోంచి పెద్దావిడ అరిచింది.

వాన అయిదింటికి ఆగింది. ఆ రాత్రి ఇద్దరికీ జ్వరం వచ్చింది.

జూలై ఒకటి, బుధవారం, ఉదయం పదిన్నరకు సూపరింటెండెంట్ మడి చూశారు. అందులో ముప్పై ఎనిమిది పాత మొక్కలు, సభ్యులు తమ ఇళ్ల నుంచి తెచ్చి నాటిన కొత్తవి పద్నాలుగు ఉన్నాయి. ఒక చివర రెండడుగులు వీల్‌చైర్లు తిరగడానికి వదలమన్నారు. మిగతాది ఉంచుతూ కాగితం మీద సంతకం పెట్టారు.

ఆ సాయంత్రం మీటింగ్‌లో సెక్రటరీ రాజీనామా ఇచ్చింది.

"కారణం?" అన్నారు ప్రెసిడెంట్.

"అలసట."

ఆయన మినిట్స్ పుస్తకంలో ఆ మాటే రాశారు. "మరి కొత్త సెక్రటరీ ఎవరండీ?" అని వెనక వరసలోంచి ఒకాయన అడిగాడు. కొత్త సెక్రటరీ ఆయనే అయ్యాడు.

ఆగస్టు పదహారు, ఆదివారం, మెకానిక్ తన అక్కనీ బావనీ తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాడు. పన్నెండుకు వస్తామని చెప్పారు. ఆ రోజు ఊళ్లో ఏ లిఫ్టూ ఆగకపోవడంతో పదకొండుకే చేరారు. ఆమె నాన్న తలుపు తీశారు. ఆయన రిటైరైన పోస్ట్‌మ్యాన్. అమ్మాయి పడుకుని ఉందని, ఇప్పుడే లేపుతామని చెప్పారు. వాళ్లమ్మ లోపలి గది వైపు నడిచింది.

"లేపకండి అత్తయ్యగారూ" అన్నాడు మెకానిక్.

అతని అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మాయి నాన్న ఫ్యాను స్పీడు ఒకటి తగ్గించి, కుర్చీ అతని వైపు జరిపి, "కూర్చోండి అల్లుడుగారూ. మెల్లగా మాట్లాడుకుందాం" అన్నారు.

పన్నెండూ అయిదుకు ఆమె లేచింది.