ఖాళీ సీటుకి బెల్టు

మూతపడ్డ పెట్రోలు బంకు దగ్గర మలుపుంది చూశారూ, పొద్దుగూకాక అటు ఒంటరిగా కారులో పోకూడదంటారు. పక్క సీట్లోకి ఎవరో వచ్చి కూర్చుంటారట. తలుపు తీసిన చప్పుడుండదు... వేసిన చప్పుడూ ఉండదు. నవ్వేవాళ్ళు నవ్వండి. మా టైలరు బాబాయి కూడా అలాగే నవ్వేవాడు.

బాబాయి ఉత్త మొండిఘటం. పెద్దకూతురికి పద్దెనిమిది నిండి లైసెన్సు చేతికొచ్చింది. కాలేజీ దూరం, బస్సుల్లో నలిగిపోతోంది, కారు కొనాలి. "పిల్ల ప్రాణం కదండీ, చిన్నదైనా కొత్తదే తీసుకుందాం" అని పిన్ని నెత్తీ నోరూ బాదుకుంది. ఆయన వింటేగా. "నేర్చుకునే పిల్లకి కొత్త కారెందుకే, గోడలకి గీకడానికా? పాతదైతే సొట్టలు పడ్డా ఏడవక్కర్లేదు" అన్నాడు.

బావమరిది మెకానిక్కే. వాడికి చూపిస్తే వంకలు పెడతాడని చెప్పకుండా వెళ్ళి, చవగ్గా వస్తోందని ఓ ఎర్ర కారు బేరమాడి కొనేశాడు. ఇంజను చూశాడా, చక్రాలు చూశాడా? సీటు కవర్ల కుట్టు చూసి మురిసిపోయాడు. ఇంత శ్రద్ధగా కుట్టించుకున్నవాళ్ళు బండినీ బాగానే చూసుకుని ఉంటారనుకున్నాడు, పిచ్చి మారాజు.

ఆ రాత్రి తనే నడుపుకుంటూ వస్తున్నాడు. బంకు మలుపు తిరిగాడు...

కుయ్... కుయ్... కుయ్...

ఉలిక్కిపడ్డాడు. స్టీరింగు వెనక ఎర్ర దీపం. పక్కన కూర్చున్న మనిషి బెల్టు పెట్టుకోలేదని కారు గోల పెడుతోంది.

పక్కన మనిషేదీ? సీటు ఖాళీ.

చెయ్యి చాపి తడిమాడు. సంచీ లేదు, ఫోను లేదు... ఏమీ లేదు. దిగి పారిపోదామంటే దిగాల్సింది ఆ మలుపులోనే. బండి పక్కకి ఆపి, బెల్టు లాగి, ఖాళీ సీటు మీదుగా తెచ్చి బిగించాడు.

చప్పుడు ఆగిపోయింది.

"కూర్చో తల్లీ... నన్నేమీ చెయ్యకు" అని గొణిగాడట. మళ్ళీ పక్కకి చూడలేదు. ఇంటికి కాదు, తిన్నగా బావమరిది షెడ్డుకి పోనిచ్చి, జరిగిందంతా చెప్పాడు.

వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "దెయ్యానికి కూడా బెల్టు పెట్టావా బావా" అంటూ టార్చి వేసి సీటు కిందకి దూరాడు. కాసేపటికి ఓ వైరు పట్టుకుని చూపించాడు. "ఇదిగో నీ దెయ్యం. తెగిన వైరుకి ఎవరో అతుకేశారు. గుంతల్లో కుదుపుకి రాసుకుంది, అంతే."

బాబాయికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "మీ అక్కకి చెప్పకురోయ్, పరువు పోతుంది" అని తనూ నవ్వాడు.

వాడు మాత్రం నవ్వాపేశాడు. ఆ వైరు అసలెందుకు తెగింది? స్క్రూడ్రైవరు తెచ్చి, పక్క సీటుకి ఎదురుగా ఉన్న మూత ఊడదీశాడు. ఎయిర్‌బ్యాగ్ ఉండాల్సిన చోట పాత గుడ్డలు కుక్కి ఉన్నాయి. స్టీరింగు మధ్య మూత తీశాడు. అక్కడా గుడ్డలే.

"బావా..." గొంతు తగ్గించాడు. "ఇది ఎక్కడో ఘోరంగా గుద్దుకున్న బండి. బ్యాగులు అప్పుడే పేలిపోయాయి. మళ్ళీ పెట్టలేదు. మూతలేసి అమ్మేశారు."

బాబాయి చూపు పక్క సీటు బెల్టు మీద పడింది. కింద, సీటు పక్క సందులోకి దిగిన చోట, వేలితో తడిమాడు. ఆ కుట్టు వేరు. దారం వేరు. ఎవరో అడ్డంగా కోసిన బెల్టుని మళ్ళీ కలిపి కుట్టారు.

"బెల్టెందుకు కోస్తార్రా?"

బావమరిది తల దించుకున్నాడు. "ఇరుక్కుపోయిన మనిషిని... బయటికి తియ్యడానికి బావా."

అప్పుడే ఫోను మోగింది. పెద్దకూతురు.

"నాన్నా, ఎక్కడిదాకా వచ్చారు? చెల్లి నిద్రపోనంటోంది. కారు రాగానే తనని ఒక్క రౌండు తిప్పమని నా ప్రాణం తీస్తోంది. పక్క సీటు తనదేనట."

మలుపులో పడ్డ భయం ఈ భయం ముందు ఏపాటిది? బాబాయి కారు పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"చెల్లిని పడుకోమనమ్మా" అన్నాడు. "కారు... కొనలేదు."