జలగ చెప్పిన అంకె

పైడితల్లి పళ్ళు తోముకుంటుండగా ఎడమ మణికట్టు మీద జలగ కదిలింది. దాని అసలు పేరు జీవశ్రేయోమాపిని. ఊళ్ళో అందరూ జలగే అనేవారు. బూడిదరంగులో, జిగటగా చర్మాన్ని కరుచుకుని, చెమటనూ నాడినీ నిద్రనూ పీల్చి, మనిషి ఎంత బాగా బతుకుతున్నాడో ఒక అంకెలో చెప్పేది. ఆ కాలంలో అది లేని చెయ్యి లేదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ అంకె మాత్రం నేరుగా శ్రేయోశాఖకు వెళ్ళేది.

"తొంభై నాలుగు. మీ జీవితం అత్యుత్తమం," అంది జలగ తియ్యగా.

పైడితల్లి నీళ్ళు పుక్కిలించి ఉమ్మింది. ఆ హెచ్‌ఐవీ వైరస్ పుట్టుకతోనే ఆమె ఒంట్లో ఉంది. ఏటా వేసే సూదిమందు దాన్ని అణిచి ఉంచేది. ఆమెను తాకితే, ఆమెతో తింటే ఎవరికీ ఏమీ అంటదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అయినా టీకొట్టులో ఆమె గ్లాసు వేరుగా, తాడుతో మేకుకి వేలాడేది. బళ్ళో ఆమె బెంచీ మీద ఇంకెవరూ కూర్చోరు. అమ్మ పోయాక ఇంట్లో ఒక్కతే. తిట్టేవాళ్ళు లేరు, పిలిచేవాళ్ళూ లేరు. గుండె అదరదు, నిద్ర చెదరదు. అందుకే జలగకు ఆ బతుకు అంత నచ్చింది.

అది ఆషాఢం. పక్కింటి నూకాలు పిన్ని గోరింటాకు రుబ్బి, గిన్నెతో గడప దాటి వచ్చింది.

"ఏటే, సెయ్యి దాసుకుంటావేటి? ఇటియ్యి."

"వద్దు పిన్నీ. నన్ను ముట్టుకుంటే..."

"ముట్టుకుంటే ఏటవుతాది? నా సెయ్యి కూడా పండుతాది, అంతే."

పిన్ని కుడి అరచేతిలో చందమామ పెట్టింది. ఎన్నేళ్ళ తర్వాతో మరో మనిషి చెయ్యి! పైడితల్లికి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, గుండె డప్పులా మోగింది. జలగ ఎర్రగా ఉబ్బి కీచుమంది.

"ముప్ఫై ఒకటి. తీవ్ర బాధ. కారణం, దగ్గరున్న వ్యక్తి."

మధ్యాహ్నానికల్లా శ్రేయోశాఖ పర్యవేక్షకుడు పరాంకుశంగారు తెల్ల చేతితొడుగులతో దిగారు. పండిన అరచేతిని చూడలేదు, జలగనే చూశారు.

"బాధకు కారణమైన వాళ్ళను దూరంగా ఉంచాలన్నది నిబంధన. ఈవిడ ఇకమీదట నీ గడప తొక్కకూడదు," అన్నారు అరుగు మీదున్న పిన్నిని చూపిస్తూ.

"అది బాధ కాదండి," అంది పైడితల్లి, వినపడీ వినపడనట్టు.

"మాపిని పొరబడదమ్మా. నీ అంత ప్రశాంతంగా బతికేవాళ్ళు జిల్లాలోనే లేరు. నీలాంటి మిగతావాళ్ళకూ ఇలాంటి ఏర్పాటే చేద్దామనుకుంటున్నాం. తలా ఒక విడి గది."

జిల్లా అంతటా మేకులకు వేలాడే గ్లాసులు ఆమె కళ్ళ ముందు ఊగాయి. లోపలికి వెళ్ళి, ఆయనకు కనపడేలా కుండలో నీళ్ళు తన గ్లాసుతో ముంచి తాగింది. అదే గ్లాసు మళ్ళీ నింపి తెచ్చింది.

"ఎండన పడి వచ్చారు. దాహం పుచ్చుకోండి సార్."

పరాంకుశంగారు చిరునవ్వు చెదరకుండా అందుకున్నారు. పెదవుల దాకా తెచ్చి ఆగారు. ఆయన చొక్కా చేతి కింద ఏదో కీచుమంది.

"ఇరవై ఎనిమిది. తీవ్ర బాధ. కారణం, దగ్గరున్న వ్యక్తి," అంది ఆయన జలగ, అంతే తియ్యగా.

ఆయన గ్లాసు అరుగు మీద పెట్టి, తడవని పెదవులను రుమాలుతో గట్టిగా తుడుచుకున్నారు.

"రూలు రూలే గదా బాబూ," అంది నూకాలు పిన్ని. "దూరంగా ఎల్లాల్సింది తవరే."

ఆయన ఎక్కి వెళ్ళిన బండి రేపిన దుమ్ము అణగకముందే పిన్ని, జలగ ఉన్న పైడితల్లి ఎడమ చేతిని లాక్కుంది. అది మళ్ళీ కీచుమంది. పిన్ని ఇంత గోరింటాకు ముద్ద తీసి దాని నోటి మీద మెత్తింది.

"రేపు ఇంకో సారు వస్తాడు పిన్నీ."

"రానియ్యే. గ్లాసుంది గదా."