లింగస్వామి పంపినోళ్ళు

ముత్తమ్మ ఉప్మా కలుపుతూనే మూడుసార్లు వాకిలి దిక్కు చూసింది. కొడుకు సాయికుమార్ తెల్లారకముందే బైకేసుకుని పోయాడు. ఎటు రా అంటే "సూర్యాపేటకు పోయొస్తనమ్మా, జర పనుంది" అన్నాడు తప్ప ఏం పనో చెప్పలేదు. తన జిమ్ము తాళాలు భార్య ప్రత్యూష చేతిలో పెట్టిపోయాడు. ఆమె ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. బడికి పోయేలోపు జిమ్ములో కూర్చోవడం ఆమెకు ఇదే మొదటిసారి.

గడప మీద కూర్చున్న లింగస్వామి పేపర్లోంచి తల ఎత్తకుండా, "నీ కొడుకు యాడికి పోయిండట?" అన్నాడు.

"నా ఒక్కదాని కొడుకేనా? నీకు గాడా? నోరుంది గదా, నువ్వే అడుగరాదు!"

లింగస్వామి అడగడు. ముప్పై ఒక్క ఏండ్లు బస్సు కండక్టరుగా చేసి ఊరూరి జనంతో నోరారా మాట్లాడిన మనిషి, కన్నకొడుకుతో రెండేండ్లుగా సూటిగా ఒక్క మాట మాట్లాడలేదు. కొడుకు కానిస్టేబుల్ కావాలన్నది ఆయన పట్టు. రెండుసార్లు పరీక్ష పోయాక సాయికుమార్ మిర్యాలగూడలో టైర్ల షాపు పైన మొదటి అంతస్తు కిరాయికి తీసుకుని, మిషన్లు వాయిదాల మీద తెచ్చి జిమ్ము పెట్టాడు. "ఇనుము ఎత్తుడు గూడ ఒక కొలువేనా?" అని ఆ రోజు అన్నదే ఆఖరు మాట. జిమ్ము తెరిచిన రోజు ఊరంతా వచ్చింది గానీ ఈయన మాత్రం మెట్లెక్కలేదు. పంతమంటే పంతమే!

ఇప్పుడు బిల్డింగు ఓనరు కిరాయి నాలుగు వేలు పెంచాడు. మూడేళ్ళ అగ్రిమెంటు ఆదివారంలోగా రాయాలి, లేకపోతే ఖాళీ చేయాలి. ఈ రోజు గురువారం. సాయికుమార్ పోయింది సూర్యాపేటలో కొత్తగా తెరిచిన పెద్ద ఏసీ జిమ్ములో ట్రైనరు నౌకరీ మాట్లాడుకోవడానికి. మిషన్లు కొనడానికి కోదాడ నుంచి ఒక మనిషి కూడా తయారుగా ఉన్నాడు. ఈ సంగతులు ప్రత్యూషకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియవు.

జిమ్ములో ఊరికే కూర్చోవడం చేతకాక ప్రత్యూష ఫీజుల రిజిస్టరు ముందేసుకుంది. వచ్చినవాళ్ళ పేరడగడం, అందులో వెతకడం. నాలుగో మనిషి దగ్గరే ఆగిపోయింది.

"మీ పేరు ఇందులో లేదండీ."

"నా పేరెందుకుంటది మేడం? నేను లింగస్వామన్న పంపినోన్ని," అన్నాడతను. ఆటో నడిపే మంగ్త్యా.

ఏదో పొరపాటనుకుంది. కానీ ఆరో మనిషీ అదే మాట, తొమ్మిదో మనిషీ అదే మాట. ఎనిమిదయ్యేసరికి లింగస్వామన్న మనుషులు ఇరవై ముగ్గురు తేలారు. నెలనెలా ఎనిమిది వందలు కట్టేవాళ్ళు చూస్తే అరవై మంది. ప్రత్యూష రిజిస్టరు ఠపీమని మూసింది. తన జీతంతో ఇంట్లో బియ్యం, గ్యాసు నడుస్తుంటే, ఇక్కడ ఊళ్ళోవాళ్ళకు ధర్మసత్రం నడుస్తోందా?

ఎరువుల షాపు మట్టయ్య, మామగారికి ప్రాణ స్నేహితుడు, ఫోనులో వీడియోలు చూసుకుంటూ నలభై నిమిషాలుగా ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్నాడు. ప్రత్యూష పోయి బటన్ నొక్కి ఆపేసింది.

"ఏమనుకోకండి బాబాయ్ గారూ. ఫీజు కట్టి నడవండి."

"ఫీజా? నన్నే అడుగుతున్నవా? మీ మామ నేనూ ఎట్లాంటోళ్ళమో ఎరుకేనా నీకు?"

"తెలుసండీ. అందుకే మర్యాదగా అడుగుతున్నాను."

మట్టయ్య చెప్పులేసుకుని చరచరా దిగిపోయాడు.

సాయంత్రం నాలుగున్నరకు ప్రత్యూష బడి నుంచి ఇంట్లో అడుగుపెట్టేసరికి లింగస్వామి వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. సూర్యాపేట నుంచి వచ్చిన సాయికుమార్ లోపల అన్నం తింటున్నాడు.

"నా ఇజ్జత్ తీసినవ్ గదా బిడ్డా! నలుగుర్ల నిలబెట్టి అడిగిండు మట్టన్న. నీ మాటకు నీ ఇంట్లనే ఇలువ లేదారా అన్నడు. సచ్చినంత పనైంది."

"మామయ్యా, నేను తప్పు మాట ఏమన్నాను? ఫీజు కట్టమన్నాను. మీరు కండక్టరుగా ఉన్నప్పుడు టికెట్ లేకుండా ఒక్కర్నైనా ఎక్కించుకున్నారా?"

"ఎక్కించుకున్నడా!" ముత్తమ్మ వంటింట్లోంచి అందుకుంది. "పెండ్లైన కొత్తల పెన్‌పహాడ్ మా అమ్మగారింటికి పోతుంటే, బస్సుల అందరి ముంగట నాకే టికెట్ కొట్టిండు. పైసలు లేవంటే మా తమ్ముని తాన వసూలు జేసిండు. ఇయ్యాల మట్టన్న కాడ దానకర్ణుడైండు!"

"నువ్వు ఊకో!"

"ఎందుకు ఊకుంట? పిల్ల అడిగినదాన్ల తప్పేముంది?"

ప్రత్యూష ఇక ఆపుకోలేకపోయింది. "మీ అబ్బాయి సూర్యాపేటకు ఎందుకెళ్ళారో తెలుసా మామయ్యా? ఇంకోడి జిమ్ములో జీతానికి! ఆదివారం ఇది మూసేస్తున్నారు. మీ ఇరవై ముగ్గురూ డబ్బులు కడితే మూసే అవసరమే రాదు."

లింగస్వామి గిర్రున తిరిగాడు. లోపలికి చూశాడు. సాయికుమార్ చేయి కంచంలో అలాగే ఆగిపోయింది.

"మూస్తున్నవా?" అన్నాడు లింగస్వామి. ముత్తమ్మను కాదు, కోడలిని కాదు. కొడుకును.

సాయికుమార్ తలూపాడు.

లింగస్వామి అరుగు మీద కూలబడ్డాడు. "గొప్పకు పంపలేదు బిడ్డా నేను. పెట్టిన కొత్తల ఒకనాడు ఎదురుంగ హోటల్ల చాయ్ తాగుతున్న. పైన కిటికీలకెల్లి వీడు కనవడ్డడు. లోపల ఒక్క మనిషి లేడు. ఒక్కడే కూసోని, తుడిసిన మిషన్నే మల్ల మల్ల తుడుస్తుండు. నా పానం గిలగిలా కొట్టుకుంది. ఖాళీ బస్సు ఎవ్వడూ ఎక్కడు. లోపల నలుగురు కనవడ్తేనే ఇంకో నలుగురు ఎక్కుతరు. గా నలుగురి కోసం పంపిన. అటెన్క పంపుడు ఆపబుద్ధి కాలే."

ప్రత్యూష రిజిస్టరు గుర్తు చేసుకుంది. లెక్క ప్రకారం ఆ మాట అబద్ధమూ కాదు. రిజిస్టరులో అరవై మందిలో సగం మంది మట్టయ్యలూ మంగ్త్యాలూ రావడం మొదలైన తర్వాత చేరినవాళ్ళే.

"మరి మీరెందుకు అడగలేదు వాళ్ళని?" అంది భర్త వైపు తిరిగి. "మొహమాటమా? భయమా?"

సాయికుమార్ చేయి కడుక్కుని వచ్చి తండ్రికి కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

"మొహమాటం గాదు. మొదటిసారి ఒకాయన వొచ్చి, మీ నాయిన పంపిండు అంటే... ఆ రోజు నాకు అన్నం తినబుద్ధి గాలే ప్రత్యూషా, గంత సంబురమైంది. నాయిన నాతోటి మాట్లాడకపోయినా, నా జిమ్ముకు మనిషిని పంపిండు. ఇంకొకాయన వొస్తే ఇంకో మాట మాట్లాడినట్టే అనుకున్న. గా మాటకు ఫీజు ఎట్ల అడుగుత?" ఆగాడు. "రోజూ సాయంత్రం నాయిన ఎదురు హోటల్ల కూసుంటడు. పైకి సూస్తడు. నేను గూడ కిటికీలకెల్లి సూస్త. ఆయన పంపినోళ్ళను ఆపితే, హోటలుకు రావుడు గూడ బందు పెడ్తడేమోనని భయమైంది."

ముత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లింగస్వామి ఏడుపు మాత్రం ఆగలేదు. అరవై రెండేళ్ళ మనిషి, అరుగు మీద, పొరుగింటివాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా వెక్కివెక్కి ఏడ్చాడు. రెండేళ్ళు ఒక కప్పు కింద ఉండి, ఒకరినొకరు చాయ్ హోటలు నుంచీ కిటికీ నుంచీ చూసుకున్నారు. ఇలాంటి మగవాళ్ళతో వేగడం ఆడవాళ్ళకే తెలుసు.

మర్నాడు పొద్దున్నే లింగస్వామి చొక్కా తొడుక్కుని బయలుదేరాడు. ఎవరినీ తోడు రమ్మనలేదు. ఇరవై ముగ్గురి దగ్గరికీ తానే పోయి, ఒకటో తారీఖు నుంచి ఫీజు కట్టాలని చెప్పాడు. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం రెండైంది.

"తొమ్మిది మంది కడ్తమన్నరు," అన్నాడు, ముత్తమ్మ ఇచ్చిన నీళ్ళు తాగి. "మంగ్త్యా అయితే పాత నెలలవి గూడ మెల్లగ కడ్తనన్నడు. మట్టన్న నాతోటి దోస్తానే ఖతం అన్నడు."

సాయికుమార్ వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. "కొత్త కిరాయి, కరెంటు, వాయిదాలు పోను నెలకు పదివేలు మిగులుతయి. సూర్యాపేటల ఇరవై వేలు ఇస్తమన్నరు. లాభం అనుకుంటే ఇందుల ఏం లేదు నాయినా."

"మీకు ఏది ఇష్టం?" అంది ప్రత్యూష.

"నాదే."

"అయితే ఓనర్ని మూడేళ్ళు వద్దు, ఏడాదికి రాయమనండి. ఏడాది నా జీతంతో ఇల్లు గడుస్తుంది. అప్పటికీ పదివేలే మిగిలితే నేనే దగ్గరుండి మూయిస్తాను. టీచరు మాట, గుర్తుపెట్టుకోండి."

సాయికుమార్ నవ్వబోయి, తండ్రి వైపు చూసి ఆగాడు. చిన్నప్పుడు అడిగినంత మెల్లగా అడిగాడు.

"నాయినా, ఇంకెవ్వరినీ పంపొద్దు. సరేనా?"

లింగస్వామి కొడుకు ముఖంలోకి సూటిగా చూశాడు.

"పంపను బిడ్డా. ఇగ ఎవ్వర్ని పంపను. నేనే వొస్త."